కాళ్లపై మరల మరల మొలచు పులిపిరులు – శస్త్రచికిత్స లేని వైద్యము

మనుష్యుని శరీరభారము నంతటిని మోయునవి రెండు పాదములు. వానికి చిన్న బాధ కలిగినను నడక మారును, పని కుంటుపడును, సంపాదన తగ్గును. ఈ మాట ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణమునకు మిక్కిలి చెల్లును. వర్క్‌షాపులో సిమెంటు నేలపై గంటల తరబడి నిలుచు ఫిట్టర్లు, పట్టాల వెంట కంకరరాళ్లపై నడచు గ్యాంగుమెన్లు, బండి వచ్చినపుడెల్ల తట్ట నెత్తిన బెట్టుకొని పరుగెత్తు చిల్లర వర్తకులు – వీరందరికి పాదమే ఆధారము. ఈ స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారము 1,072.5 మీటర్లు, 2013లో గోరఖ్‌పూర్ దానిని మించువరకు ప్రపంచములో నదియే పొడవైనదని పేరు. అరికాలిలో ముల్లువంటి గట్టి కాయ యొకటి యున్నవానికి ఆ కొననుండి ఈ కొనకు నడచుట యెంత బాధయో వేరుగ చెప్పనక్కరలేదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన మార్గములను విస్తరించిన కాలమునుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు ప్రాంతముల తెలుగువారు పనికొరకు ఖరగ్‌పూర్ చేరిరి. 1955 ఆగస్టు 1వ తేదీన దక్షిణ పూర్వ రైల్వే ఏర్పడిన తరువాతను వారి సంతతి ఇచ్చటనే స్థిరపడినది. మథురాకాటి, నింపురా మొదలగు పేటలలో నేటికిని తెలుగు మాట వినబడును. ఇట్టి కుటుంబములలో కాళ్లపై లేచు పులిపిరులను గూర్చి తరతరములుగ వచ్చిన నమ్మకములు పెక్కు కలవు. వానిలో కొన్ని నిరపాయకరములు; కొన్ని కాలినే పోగొట్టగలవు. కావున ఈ వ్యాధి స్వభావమును, కత్తి పట్టకుండ చేయదగిన చికిత్సలను ప్రతి గృహస్థుడును తెలిసికొనుట మేలు.

పులిపిరి యన నేమి?

పులిపిరి, పులిపిరికాయ, ఉలిపిరికాయ యని పలువురు పలురీతుల పిలుచునది చర్మము పైపొరలో కలుగు నొక చిన్న పెరుగుదల. ఇది వైరస్ అను అతిసూక్ష్మజీవి వలన కలుగును. పులిపిరిని నూరి, కణములు పోవునట్లు వడగట్టిన ద్రవముతో గూడ దానిని మరియొకరికి అంటింపవచ్చునని ఇటలీ దేశపు వైద్యుడు చూఫో 1907లో నిరూపించెను. 1949లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ వైరస్ కణములు కంటికి గనబడినవి. దానికి హ్యూమన్ పాపిలోమా వైరస్ అని పేరు. ఇందు రెండువందలకు పైగా రకములు కలవు. అరికాలి పులిపిరులను కలిగించునవి ముఖ్యముగ 1, 2, 4, 27, 57 సంఖ్యల రకములు. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు కలిగించు రకములు వేరు. కావున కాలిపై పులిపిరి లేచినంత మాత్రమున క్యాన్సరు వచ్చునని భయపడ నవసరము లేదు.

కాళ్లపై ఇవి మూడు రూపములలో కనబడును. మోకాళ్లపైనను కాలివ్రేళ్లపైనను గరుకుగ, ఉబ్బెత్తుగ లేచునవి సాధారణ పులిపిరులు. పిక్కలపై, ముంగాళ్లపై బల్లపరుపుగ, చర్మపు రంగున, గుంపులుగ లేచునవి బల్లపరుపు పులిపిరులు. గీకినచోట, క్షౌరము చేసినచోట ఇవి వరుసగ లేచును. అరికాలిలో శరీరభారముచేత లోనికి నొక్కబడి, పైకి గట్టి చర్మముతో కప్పబడునవి అరికాలి పులిపిరులు. ఇవి యొకదాని నొకటి అంటుకొని పెద్ద పలకవలె వ్యాపించుటయు కలదు.

ఎట్లు అంటును? ఏల మరల మరల వచ్చును?

ఈ వైరస్ చర్మముపై కంటికి కనబడని గీతలగుండ, పగుళ్లగుండ ప్రవేశించును. తడిసి మెత్తబడిన చర్మములో దాని ప్రవేశము మరింత సులభము. పలువురు వట్టికాళ్లతో స్నానము చేయు తొట్లకడ, కొళాయిలకడ, పాదములు రుద్దుకొను రాతిపై, ఒకరి చెప్పులు మరియొకరు తొడుగుట వలన అది వ్యాపించును. అంటిన దినముననే పులిపిరి కనబడదు. కొన్ని వారములు మొదలు కొన్ని మాసముల వరకు పట్టును. అందుచేతనే ఎవరినుండి వచ్చినదో చెప్పుట కష్టము.

"కోసివేసితిమి, కాల్చితిమి, అయినను మరల వచ్చినది" యని పలువురు విచారింతురు. దీనికి నాలుగు కారణములు కలవు. మొదటిది: పులిపిరి కనబడు మేరకే వైరస్ ఉండదు, చుట్టుప్రక్కల ఆరోగ్యముగ తోచు చర్మపు అడుగు పొరలలో గూడ అది యుండవచ్చును. రెండవది: ఈ వైరస్ రక్తములోనికి పోదు, కణములను పగులగొట్టి వాపు కలిగింపదు. అందువలన శరీరములోని రక్షణశక్తి దానిని చాలకాలము గుర్తింపజాలదు. మూడవది: పైచర్మము కొంత నునుపు దేలగనే రోగి చికిత్స మానివేయును. నాలుగవది: అదే రాయి, అదే బ్లేడు, అదే మేజోడు వాడుటచే రోగి తనకు తానే మరల అంటించుకొనును. మధుమేహము, హెచ్.ఐ.వి., మూత్రపిండము మార్పిడి చేసికొన్నవారు వాడు మందులు మొదలగువానిచే రక్షణశక్తి తగ్గినవారికి పులిపిరులు మరింత మొండిగ నుండును.

ఇందులో ఆశాజనకమగు విషయము కూడ కలదు. శరీరము ఒకసారి వైరస్‌ను గుర్తించినచో పులిపిరులన్నియు వానియంతట నవియే రాలిపోవును. 1963లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో పిల్లల పులిపిరులలో మూడింట రెండు వంతులు రెండేండ్లలో చికిత్స లేకయే మాయమైనవి. పెద్దవారిలో ఇంత త్వరగ పోవు. గుర్రపు వెంట్రుక కట్టుట, మంత్రము వేయించుట మొదలగువానికి పేరు వచ్చుట ఇందుచేతనే. దానియంతట అది పోవు సమయమునకు చివర నేది చేసినారో దానికే కీర్తి దక్కినది.

పులిపిరియా, మరియొకటియా?

చికిత్సకు ముందు రోగమును గుర్తింపవలెను. అరికాలిలో పులిపిరికిని ఆనెకాయకును భేదము తెలియక పలువురు పొరబడుదురు. ఆనెకాయ వైరస్ వలన గాక, చెప్పు ఒరపిడి, ఎముక ఒత్తిడి వలన కలుగును. ఆనెకాయను పైనుండి సూటిగ నొక్కినచో నొప్పి హెచ్చు. పులిపిరిని రెండు ప్రక్కలనుండి వ్రేళ్లతో పిసికినచో నొప్పి హెచ్చు. చర్మపు గీతలు ఆనెకాయపై సాగిపోవును. పులిపిరికడ అవి తెగి, దానిచుట్టు తిరిగిపోవును. పైచర్మమును కొంచెము అరుగదీసినచో పులిపిరిలో నల్లని చుక్కలు కనబడును. అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళములే కాని, జనులు తలచునట్లు వేళ్లు కావు. ఆనెకాయకు ముఖ్యచికిత్స ఒత్తిడిని తొలగించుట. ఇరుకు బూటును మార్చక మందు మాత్రము రాచినచో ఆనె మరల వచ్చును.

పులిపిరివలె కనబడు మరికొన్ని వ్యాధులు పశ్చిమ బెంగాలులోను, ఉత్తరాంధ్రమునను ప్రత్యేకముగ తలపవలసినవి.

మొదటిది ఆర్సెనిక్ విషము. పశ్చిమ బెంగాలులోని భూగర్భజలములలో ఆర్సెనిక్ వలన చర్మవ్యాధి కలుగుచున్నదని కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమునకు చెందిన చర్మవైద్యుడు డాక్టరు కె. సి. సాహా 1983లో గుర్తించెను. మాల్దా, ముర్షిదాబాదు, నదియా, ఉత్తర దక్షిణ 24 పరగణాలు మొదలగు జిల్లాలలో ఈ బాధ హెచ్చు. ఆర్సెనిక్ కలిసిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి రెండు అరచేతులలోను, రెండు అరికాళ్లలోను గరుకు గింజలు లేచును; ఒంటిపై వానచినుకులవంటి నల్లని తెల్లని మచ్చలు కనబడును. ఇది అంటురోగము కాదు. గింజలపై మందు రాచినంత మాత్రమున చాలదు, నీటిని మార్చవలెను. లీటరు నీటిలో ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రైల్వే ఉద్యోగులు బదిలీపై పలు జిల్లాలలో నివసించువారు గావున, ఇట్టి గింజలు గలవారు తాము త్రాగిన నీటిని గూర్చి వైద్యునకు చెప్పవలెను.

రెండవది బోదకాలు. ఫైలేరియా వలన కాలు చాలకాలము వాచియున్నచో, ఆ కాలి చర్మముపై నాచువలె, పులిపిరులవలె చిన్న చిన్న బుడిపెలు గుంపులుగ లేచును. వీనిని కోయుట గాని, ఆమ్లముతో కాల్చుట గాని ప్రమాదకరము. దినమునకు రెండు మారులు సబ్బునీటితో కాలిని కడిగి, వ్రేళ్ల సందులు ఆరునట్లు తుడిచి, కాలిని ఎత్తుగ నుంచి, కట్టు కట్టుకొనుట దీనికి ప్రధానమగు సంరక్షణ.

మూడవది చర్మపు క్యాన్సరు. అరికాలిలో గాని గోటిక్రింద గాని నల్లగ వ్యాపించుచు, అంచు సమముగ లేక, రంగు మారుచు నుండు మచ్చయు, పుండుపడి రక్తము కారు కాయయు, పాత కాలిన మచ్చపై లేచిన కాయయు పులిపిరి యని నిర్లక్ష్యము చేయరాదు. వానిని చర్మవైద్యునికి వెంటనే చూపి, అవసరమైనచో చిన్న ముక్కను తీసి పరీక్ష చేయింపవలెను.

కత్తిని ఏల మొదట పట్టరాదు?

పులిపిరి చర్మపు పైపొర రోగము. దానిని కోసివేయుటకు లోపలి పొరవరకు పోయినచో మచ్చ ఏర్పడును. చేతిపై మచ్చ చూచుటకు మాత్రమే వికారము. అరికాలిలో మచ్చయో అడుగడుగునకు నొప్పి పెట్టును, కొందరికి జీవితాంతము పెట్టును. అంతియగాక కోసినచోటి అంచులలో వైరస్ మిగిలియున్నచో ఆ మచ్చచుట్టునే పులిపిరి మరల లేచును. కావుననే నేటి వైద్యులు అరికాలి పులిపిరికి శస్త్రమును మొదటి చికిత్సగ నెంచరు. క్రింద చెప్పబడు పద్ధతులు శస్త్రము లేనివి.

ఏ బాధయు లేక, సంఖ్య హెచ్చక యున్న పులిపిరులను, ముఖ్యముగ పిల్లలలో, కొంతకాలము ఊరక యుంచి కనిపెట్టుటయు నొక చికిత్సయే. నొప్పి పెట్టునవి, వ్యాపించునవి, పనికి అడ్డమగునవి చికిత్సకు తగినవి.

సాలిసిలిక్ ఆమ్లము

ఇది అన్నిటికంటె చౌకయు, ఇంటివద్దనే చేసికొనదగినదియు నగు చికిత్స. ఇది గట్టి చర్మమును మెత్తబరచి పొరలు పొరలుగ ఊడదీయును. దాని వలన కలుగు స్వల్పపు మంట శరీరరక్షణశక్తిని ఆ చోటికి మరలించును. 85 పరిశోధనలను క్రోడీకరించి 2012లో వెలువడిన యొక సమీక్షలో, పైపూత మందులన్నిటిలో దీనికే తగిన సాక్ష్యము కనబడినది. వట్టి పూత వాడినవారికంటె దీనిని వాడినవారిలో సుమారు ఒకటిన్నర రెట్లమందికి గుణము కలిగినది.

మందుల దుకాణములో ఇది నూటికి 15 మొదలు 20 వంతుల బలముగల ద్రవముగను, 40 వంతుల బలముగల అంటుపట్టీగను దొరకును. మందమగు అరికాలి చర్మమునకు బలమైనది తగును. వాడుపద్ధతి యిది:

1. రాత్రి పరుండుటకు ముందు పాదమును గోరువెచ్చని నీటిలో అయిదు పది నిమిషములు నానబెట్టవలెను.

2. నానిన పైచర్మమును గరుకు కాగితముతో గాని అరుగురాతితో గాని నెమ్మదిగ అరుగదీయవలెను. రక్తము రానీయరాదు. ఆ కాగితమును పారవేయవలెను. ఆ రాతిని మరియొక చోటికిని, మరియొకరికిని వాడరాదు.

3. చుట్టునున్న మంచి చర్మమునకు వాసెలిన్ రాచి కాపాడవలెను.

4. పులిపిరిపై మాత్రము ఒక చుక్క మందు వేసి, ఆరనిచ్చి, పట్టీ అంటింపవలెను.

5. ఇట్లు ప్రతిదినము పండ్రెండు వారముల వరకు చేయవలెను. చర్మము పచ్చిపడి మంట హెచ్చినచో రెండు మూడు దినములు ఆపి, తగ్గిన పిదప మరల మొదలుపెట్టవలెను.

ఎప్పుడు మానవలెను? నల్లని చుక్కలు పోయి, తెగిన చర్మపు గీతలు మరల కలిసి సాగినపుడే పులిపిరి పోయినదని తలపవలెను. నొప్పి తగ్గినంతనే మానుట మరల రప్పించుకొనుటయే యగును. ముఖముపై, మర్మావయవములపై, పుట్టుమచ్చలపై, వెండ్రుకలు గల కాయలపై దీనిని వాడరాదు. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు వైద్యుని అడిగి వాడవలెను.

శీతల చికిత్స

నత్రజనిని ద్రవముగ మార్చినపుడు దాని ఉష్ణత సున్నకు దిగువ 196 డిగ్రీల సెంటీగ్రేడు. చర్మవైద్యుడు దానిని దూది పుల్లతోనో, పిచికారితోనో పులిపిరిపై కొన్ని క్షణములు పట్టించును. ఆ చలికి కణములు చచ్చి, పొక్కు లేచి, కొన్ని దినములలో చర్మము ఊడును. రెండు మూడు వారముల కొకసారి చొప్పున పలుమారులు చేయవలసియుండును. పట్టించునపుడు నొప్పియు, పిదప ఒకటి రెండు దినములు నడచుట కష్టమును కలుగవచ్చును. కావున సెలవుదినమునకు ముందునాడు చేయించుకొనుట కార్మికులకు అనుకూలము. నల్లని చర్మముపై కొంతకాలము తెల్లమచ్చ నిలుచుటయు కలదు. పొక్కును చిదుపరాదు.

ఇది ఖర్చుతో గూడినది గనుక సాలిసిలిక్ ఆమ్లముకంటె మేలని పలువురు తలతురు. పరిశోధనలు అట్లు చెప్పుట లేదు. 2010లో ప్రకటితమైన హాలెండు దేశపు పరిశోధనలో 250 మందిని పదమూడు వారములు పరిశీలించిరి. సాధారణ పులిపిరులు శీతలచికిత్సచే నూటికి 49 మందికిని, సాలిసిలిక్ ఆమ్లముచే 15 మందికిని, ఏమియు చేయనివారిలో 8 మందికిని పోయినవి. అరికాలి పులిపిరులకు మాత్రము ఈ మూడు సంఖ్యలు వరుసగ 30, 33, 23. అనగా అరికాలిలో శీతలచికిత్సకు ప్రత్యేకమగు ఆధిక్యము కనబడలేదు. 2011లో ప్రకటితమైన, 240 మందిపై జరిగిన పరిశోధనలో, పండ్రెండు వారములకు, శీతలచికిత్స పొందినవారిలోను, నూటికి 50 వంతుల సాలిసిలిక్ ఆమ్లము వాడినవారిలోను సమానముగ నూటికి 14 మందికే పులిపిరులు పూర్తిగ పోయినవి. ఈ సంఖ్యలు రెండు సంగతులను బోధించును. అరికాలి పులిపిరి మొండిది, కావున ఓర్పు వలయును. చౌకమందును శ్రద్ధతో వాడినవాడు ఖరీదగు చికిత్స పొందినవానికి తీసిపోడు. మోకాలిపైనను వ్రేళ్లపైనను ఉన్న సాధారణ పులిపిరులకు శీతలచికిత్స మొదటనే కోరదగినది.

రక్షణశక్తిని మేల్కొలుపు చికిత్స

పులిపిరులు పెక్కుగ నున్నపుడు, పలుమారులు మరల వచ్చినపుడు చర్మవైద్యులు ఈ మార్గము నవలంబింతురు. శరీరము ఇదివరకే గుర్తెరిగిన యొక పదార్థమును – తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకామందును గాని, క్షయపరీక్షకు వాడు పీ.పీ.డీ. ద్రవమును గాని – ఒక పెద్ద పులిపిరిలోనికి సూదితో కొలదిగ ఎక్కింతురు. అప్పుడు రక్షణకణములు ఆ చోట గుమిగూడి, ఆ టీకామందుతో పాటు అచ్చటనే దాగియున్న వైరస్‌ను గూడ గుర్తించును. ఒక పులిపిరిలో సూది వేసినను, దూరముగ నున్న తక్కిన పులిపిరులు గూడ రాలిపోవుట ఈ పద్ధతి విశేషము. రెండు మూడు వారముల కొకసారి చొప్పున కొన్నిమారులు చేయుదురు. మన దేశపు చర్మవైద్యులు దీనిని విరివిగ వాడుచున్నారు. సూది వేసినపుడు నొప్పి, ఒకటి రెండు దినములు జ్వరము కలుగవచ్చును. గర్భిణులకును, రక్షణశక్తి తగ్గినవారికిని తట్టు టీకామందు వంటి సజీవమగు మందు తగదు.

ఇతరములగు మందులు

బ్లియోమైసిన్ అను మందును పులిపిరిలోనికి సూదితో ఎక్కించుట, ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లమును తాకించుట, ఫ్లోరోయూరసిల్ పూత – ఇవి మొండి పులిపిరులకు చర్మవైద్యుని చేతిమీదుగ మాత్రమే జరుగవలసినవి. బల్లపరుపు పులిపిరులకు ట్రెటినాయిన్ పూతను వైద్యులు వ్రాయుదురు. దీనిని గర్భిణులు వాడరాదు.

అంటుపట్టీని (గట్టి గుడ్డ టేపును) పులిపిరిపై ఆరేసి దినములు అంటించు పద్ధతికి 2002లో నొక చిన్న పరిశోధనచే గొప్ప పేరు వచ్చినది. కాని 2006, 2007 సంవత్సరములలో ప్రకటితమైన పరిశోధనలలో అది వట్టి పట్టీకంటె మేలని రుజువు కాలేదు. అపాయము లేనిది గనుక దానిని వాడిన తప్పు లేదు, దానినే నమ్ముకొనరాదు. బెంగాలు దేశమున విరివిగ వాడుకలోనున్న థూజా మొదలగు హోమియోపతి మందులపై 1992లో ప్రకటితమైన కెనడా దేశపు పరిశోధన యొకదానిలో, మందు పుచ్చుకొన్నవారికిని వట్టి మాత్ర పుచ్చుకొన్నవారికిని భేదము కనబడలేదు.

ప్రాణాపాయమగు ఇంటివైద్యములు

బ్యాటరీ ఆమ్లము పోయుట, సున్నము సోడా కలిపి పట్టించుట, నల్లజీడి రసము రాచుట, అగరువత్తితో కాల్చుట, క్షౌరపు బ్లేడుతో చెక్కుట – ఇవి యన్నియు మానవలసిన పనులు. ఆమ్లమునకును సున్నమునకును పులిపిరి యేదో మంచి చర్మమేదో తెలియదు. అవి ఎముకవరకు కాల్చగలవు. జీడిరసము ఒడలెల్ల పొక్కులు లేపగలదు. బ్లేడు వైరస్‌ను చుట్టును చల్లును; ఒకరి బ్లేడు మరియొకరికి వాడినచో రక్తముద్వారా వచ్చు కామెర్లవంటి వ్యాధులు అంటును.

మధుమేహము గలవారి విషయములో ఈ హెచ్చరిక పదిరెట్లు ముఖ్యము. వర్క్‌షాపులో పనిచేయు నేబదియేండ్ల కార్మికుని నొకనిని తలచుకొనుడు. ఆయనకు చాలకాలముగ మధుమేహము. పాదములు కొంత తిమ్మిరెక్కియున్నవి. అరికాలిలో పులిపిరి లేచినది. తోటివారి మాటపై ఆమ్లము రాచెను. స్పర్శ తగ్గియుండుటచే మంట తెలియలేదు. తెలియలేదు గావున మందు మంచిదే యని మరునాడును రాచెను. బూటు తొడిగి పనికి పోయెను. వారము దినములలో పుండు పడి, చీము పట్టి, రక్తప్రసారము తక్కువగుటచే మానక, ఎముకకు పాకెను. పులిపిరితో ఎవరును కాలు పోగొట్టుకొనరు; దానికి చేసిన వైద్యముతో పోగొట్టుకొనవచ్చును. కావున మధుమేహము గలవారు, కాలి రక్తప్రసారము తగ్గినవారు, పాదములో స్పర్శ లేనివారు దుకాణములో దొరకు సాలిసిలిక్ పట్టీని గూడ తమంతట తాము అంటించుకొనరాదు. పాదములో స్పర్శ లేకుండుట కుష్ఠువ్యాధికిని చిహ్నము కావచ్చును. దానికి ఆసుపత్రులలో ఉచితమగు మందు కలదు, దాచుకొనక చూపించుకొనవలెను.

నివారణము

స్నానపు గదులలోను, పదిమంది కాళ్లు కడుగు కొళాయిలకడను చెప్పులు తొడుగవలెను. పాదములు రుద్దు రాయి, తువాలు, మేజోళ్లు ఎవరివి వారికి వేరుగ నుండవలెను. పని ముగిసి బూట్లు విప్పిన వెంటనే పాదములు కడిగి, వ్రేళ్ల సందులు ఆరునట్లు తుడువవలెను. చెమటతో తడిసిన మేజోడును మరునాడు ఉతుకక తొడుగరాదు. వానకాలమున తడిసిన బూటును ఆరబెట్టుకొని తొడుగుట అవసరము. పులిపిరిని గోటితో గిల్లరాదు. పిల్లలు పంటితో కొరుకకుండ చూడవలెను. పులిపిరి గల బిడ్డను బడికి పంపుట మాన్పనక్కరలేదు; పట్టీతో కప్పి పంపిన చాలును.

ఎవరిని చూడవలెను?

పండ్రెండు వారములు క్రమముగ మందు వాడినను తగ్గనిచో, పులిపిరులు వేగముగ హెచ్చినచో, నల్లబడినచో, రక్తము కారినచో, రోగము పులిపిరియే యను నిశ్చయము లేనిచో వైద్యుని చూడవలెను. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగులకును వారి కుటుంబములకును రైల్వే ఆసుపత్రి కలదు. ఇతరులకు మహకుమా ప్రభుత్వాసుపత్రి కలదు. కంసావతి నది కావల మేదినీపూర్‌లో వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషా గౌరవము నీయ నిర్ణయించినది. భాష రాదను సంకోచముతో ఎవరును రోగమును దాచుకొనరాదు. వైద్యుని యొద్దకు పోవునపుడు ఈ నాలుగు సంగతులు సిద్ధపరచుకొని పోవుట మంచిది: కాయ లేచి ఎంతకాలమైనది, ఇంతవరకు ఏయే మందు, ఎన్ని దినములు వాడబడినది, మధుమేహము మొదలగు ఇతర వ్యాధు లేవి, ఏయే ఊళ్ల నీరు ఏండ్ల తరబడి త్రాగబడినది.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పులిపిరి వైరస్ వలన కలుగును. ఆనెకాయ ఒత్తిడి వలన కలుగును. రెంటికి చికిత్స వేరు.

2. అరికాలిని కోయుట మొదటి చికిత్స కాదు.

3. సాలిసిలిక్ ఆమ్లము చౌక. పండ్రెండు వారముల ఓర్పుతో వాడినపుడే ఫలించును.

4. పెక్కుగ, మొండిగ నున్నవానికి శీతలచికిత్సయు, రక్షణశక్తిని మేల్కొలుపు సూదిమందును కలవు.

5. మధుమేహము గలవారు వైద్యుని అడుగక పాదముపై ఏ మందును రాయరాదు.

6. రెండు అరచేతులలోను, రెండు అరికాళ్లలోను గింజలు లేచినచో త్రాగు నీటిని పరీక్షింపజేయవలెను.

పులిపిరి చిన్న రోగము. దానిని గుర్తించి, తగిన మందును తగినంతకాలము వాడినచో చాలవరకు లొంగును. తొందరపడి కాల్చిన కాలు, కోసిన కాలు మాత్రము మరల పూర్వపు స్థితికి రాదు. పాదమును కాపాడుకొనుట జీవనాధారమును కాపాడుకొనుటయే యని గ్రహింపవలెను.